ఆ రోజు మీరెక్కడున్నారని అడగబోయే మా బుజ్జమ్మకు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది ఉద్యోగానికి నెల సెలవు పెట్టి ఊళ్ళ మీద పడి తిరుగుతుందంట, నువ్వయినా చెప్పు" అన్నాడు. ఏం తిరుగుడురా అని గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపెట్టాడు. ఇందిరాగాంధీని కాల్చిన రోజు, రాజీవ్ గాంధీ పోయిన రాత్రి, సునామీ వచ్చిన ఆదివారం మన వైపు జనం ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు చెబితే తెలిసింది, అవన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేస్తావట. నీకు వద్దని చెప్తానని వాడికి మాటిచ్చాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను, మన ఇంట్లో ఇట్లాంటి పని తలకెత్తుకున్నది ఒకటి పుట్టిందని. కాబట్టి వద్దని రాయడం లేదు. నిద్ర మాత్రం పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెప్తా. పవర్ బ్యాంకు పెట్టుకో. రికార్డింగు మధ్యలో కాల్స్ రాకుండా చూసుకో. మొదట్లోనే నీ గొంతుతో తేదీ, ఊరు పేరు చెప్పు. పట్టపుపాళేలకు పొద్దున్నే పోవద్దు, వేట నుంచి వచ్చిన చేపను అమ్ముకునే హడావుడిలో ఎవరికీ నీతో పనుండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, చేతికి పనుంటే నోటికి మాటలూ వస్తాయి. ఇవన్నీ నీకు తెలియనివి కావు.

ముందు ఎవరి దగ్గరికి పోవాలన్న విషయంలో మాత్రం నా మాట విను. నీ జాబితా 1984తో మొదలవుతుందట. గాంధీగారిని కాల్చింది 1948 జనవరి 30, శుక్రవారం సాయంత్రం. అప్పటికి కాస్త ఊహ తెలిసిన పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్ళు. 1921లో గాంధీగారు స్వయంగా వచ్చి ఆశ్రమం ప్రారంభించిన పల్లెపాడు మన నెల్లూరు దగ్గరే ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తొంభైకి దగ్గరపడిన వాళ్ళు ఎవరున్నారో ముందు కనుక్కో. కబురు ఎవరు మోసుకొచ్చారు, ఆ రాత్రి పొయ్యి వెలిగించారా లేదా అడుగు. ఇందిరమ్మ సంగతి వచ్చే ఏడు అడిగినా చెప్పేవాళ్ళుంటారు. వీళ్ళు నీకు సెలవు దొరికేదాకా కూర్చోరు. మీ నాయనమ్మ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు. ఇంట్లో మనిషి పోయినట్టు ఊళ్ళో మగవాళ్ళంతా చెరువుకు పోయి స్నానాలు చేసి వచ్చారట. మా తాత ఒక్కడే పోలేదట. ఎందుకు పోలేదే అమ్మా అంటే చెప్పేది కాదు, లేచి లోపలికి పోయేది.

మీ నాన్నను మొదటి సాక్షిగా పెట్టుకోకు. రాజీవ్ గాంధీ పోయిన రాత్రి టీవీలో చూశానని, చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయిందని నీకు చాలాసార్లే చెప్పి ఉంటాడు. శ్రీపెరుంబుదూరులో బాంబు పేలింది 1991 మే 21 రాత్రి పది దాటాక. అప్పుడు మనకున్నది దూరదర్శన్ ఒక్కటే, రాత్రంతా వార్తలు చెప్పే చానళ్ళు లేవు. అసలు మన ఇంటికి టీవీ వచ్చింది మీ అమ్మ కాపురానికి వచ్చాకే. ఆ రాత్రి ఉక్కపోతకు మిద్దె మీద పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. తెల్లారి పాలాయన చెబితే తెలిసింది. నేను పక్క చాప మీదే ఉన్నా. వాడినడిగితే నేనక్కడ లేనే లేనంటాడు, అది వేరే సంగతి.

అట్లాగని మీ నాన్న అబద్ధమాడుతున్నాడని అనుకోకు. వాడి కళ్ళకు ఆ ముద్ద నిజంగానే కనపడుతుంది. అమెరికాలో 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు ఉల్రిక్ నైసర్ అనే ప్రొఫెసరు, మీకు ఈ వార్త ఎట్లా తెలిసింది, అప్పుడు ఎక్కడున్నారు అని మర్నాడే విద్యార్థుల చేత రాయించి పెట్టాడు. రెండున్నరేళ్ళు పోయాక అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పినదాంట్లో ముఖ్యమైన వివరం ఒక్కటీ పాత కాగితంతో కలవలేదు. మొదట టీవీలోనే తెలిసిందన్నవాళ్ళు తక్కువ, రెండోసారికి వాళ్ళ సంఖ్య రెట్టింపయింది. మీ నాన్న ఒంటరివాడేం కాదు. సునామీ విషయంలోనూ ఇది మనసులో పెట్టుకో. 2004 డిసెంబరు 26, ఆదివారం, పైగా పౌర్ణమి. ఆ తర్వాత నెలరోజులు టీవీల్లో ఇండోనేషియా అలలు, థాయ్‌లాండ్ అలలు తిప్పి తిప్పి చూపించారు. కొబ్బరిచెట్టంత అల వచ్చిందని ఎవరైనా అంటే తలాడించి, అప్పుడు మీ కాళ్ళ కింద ఇసుక ఎట్లా ఉందమ్మా, పడవ ఎక్కడ కట్టి ఉంది అని అడుగు. అది ఏ టీవీ చూపించి ఉండదు.

ఇక 1984. మన జిల్లాకు అది మామూలు ఏడాది కాదు. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గద్దె దించారు, నెలపాటు బందులూ ఊరేగింపులూ, సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. అక్టోబరు 31 ఇందిరమ్మ. నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను. డిసెంబరు మొదట్లో భోపాల్, ఆఖర్లో ఎన్నికలు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరి తలలోనైనా ఇవి విడివిడిగా ఉంటాయనుకుంటున్నావా? ఇందిరమ్మ పోయినట్టు ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు, బీబీసీ ముందే చెప్పింది. ఆ బీబీసీ విన్న మాస్టారు ఊరికొకడు తగులుతాడు నీకు. నిజంగా విన్నది ఎవరో తేల్చడం బ్రహ్మతరం కాదు, వదిలెయ్.

1994లో, ఇందిరమ్మ పోయి పదేళ్ళయిందని మా హైస్కూల్లో లిఖిత పత్రిక ఒకటి తలపెట్టాం. మాతో ఒక తెలుగు మాస్టారు ఉండేవాడు. మంచి మనిషి, పిల్లలకు సొంత డబ్బుతో ఫీజులు కట్టిన మనిషి. తేదీలంటే ప్రాణం ఆయనకు. ఇద్దరం కలిసి సముద్రం ఒడ్డున ఒక పాళెం పోయాం. ఒకామె గంప ఒళ్ళో పెట్టుకుని, దానికి అంటుకుని ఎండిపోయిన పొలుసులు బొటనవేలి గోటితో గీకుతా ఉంది. ఇందిరమ్మ పోయిన రోజు గుర్తుందా అమ్మా అని మాస్టారు అడిగాడు. "ఎందుకు గుర్తుండదయ్యా! ఇందిరమ్మ పోయిన రోజే కదా గాలివాన. నా పెద్దోడు పొయ్యింది ఆ రోజే" అంది.

మాస్టారు పెన్ను ఆపాడు. "కాదమ్మా, ఇందిరాగాంధీ పోయింది అక్టోబరు ముప్పై ఒకటి, బుధవారం. గాలివాన నవంబరు పద్నాలుగు. రెండు వారాలు తేడా. మళ్ళీ మొదటి నుంచి చెప్పు, సరిగ్గా రాసుకుంటా" అన్నాడు. ఆమె ఆయన ముఖం వంక చూసింది. "చదువుకున్నోళ్ళు, మీకే తెలస్తాది" అని గంప తీసుకుని గుడిసెలోకి పోయింది. కోడలు పిల్ల మర్యాదకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది, తాగి వచ్చేశాం. పత్రికలో ఆ పాళెం గురించి ఒకే ఒక్క వాక్యం పడింది: గ్రామస్తులకు తేదీలు సరిగా గుర్తులేవు.

తర్వాత కొన్నాళ్ళకు ఆమే మన వీధిలోకి చేపలమ్మడానికి వచ్చింది. మీ పెద్దమ్మ నెత్తళ్ళు బేరమాడుతూ, అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లలెంతమంది అని అడిగింది. అడిగింది అదొక్కటే. కథంతా అప్పుడొచ్చింది. ఇందిరమ్మ పోయిన వేళ వలలో మంచి చేప పడింది. గంప ఎత్తుకుని రోడ్డు మీదికొస్తే బస్సు లేదు, అంగళ్ళు మూసేశారు. మర్నాడూ అంతే. ఎండబెట్టుకుందామంటే ముసురు పట్టి ఉంది. చేపంతా కుళ్ళిపోయింది. వల కోసం చేసిన అప్పుకు ఆ వారం కట్టాల్సింది కట్టలేక, పెద్దకొడుకు పులికాట్ వైపు పడవల్లో కూలికి పోయాడు. గాలివాన వాడిని అక్కడ పట్టుకుంది. ఆ బస్సు వచ్చి ఉంటే వాడు పోయేవాడు కాదని ఆమె లెక్క. మాస్టారు చెప్పిన తేదీల్లో తప్పేం లేదు. కానీ ఆ రెండు వారాలు ఎట్లా గడిచాయమ్మా అని అడగాల్సినవాడు, రెండు వారాలు తేడా అని చెప్పి ఆమె నోరు మూయించాడు. నేను ఈ సంగతి చెబితే మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ పాళేనికి మళ్ళీ పోయాడని తర్వాత తెలిసింది. ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

అందుకని బుజ్జమ్మా, ఎవరినీ సరిదిద్దకు. నోట్సులో ఎడమ పేజీలో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకో. కుడి పేజీ ఖాళీగా ఉంచు, ఇంటికొచ్చాక నీ తేదీలు అందులో రాసుకో. తేదీలకు నెల్లూరు నుంచి వచ్చే జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు వెతుకు. ఇంకా కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పో, పాత పత్రికలు అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. ఆ ఊరు 2022 దాకా మన పక్క ప్రకాశం జిల్లాదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిపారు. ఎక్కడున్నారు అనే ప్రశ్నతో మొదలుపెట్టకు, దానికి అందరి దగ్గరా మీ నాన్న అన్నం ముద్దలాంటి జవాబు తయారుగా ఉంటుంది. ఆ వారం ఏం పని జరుగుతోంది, నారుమళ్ళు పోశారా, కడుపులో ఎవరున్నారు, ఇంటికి ఎట్లా చేరారు, అవి అడుగు. "నాకేం గుర్తులేదు తల్లీ" అంటే అది కూడా రాసుకో. నలుగురినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి అడగకు, పెద్ద గొంతువాడు చెప్పిందే అందరికీ గుర్తొస్తుంది.

నాకు అసలు భయం రాజీవ్ గాంధీ రాత్రి గురించి. ఆ మర్నాడు ఆంధ్రలో చాలాచోట్ల తెలుగుదేశం వాళ్ళ మీద, వాళ్ళ ఆస్తుల మీద పడ్డారు. హైదరాబాదులో ఎన్టీఆర్ ఆస్తుల మీదే దాడులు జరిగాయి. ఊళ్ళలో ఆ సందు చూసుకుని పాత కక్షలు తీర్చుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు డెబ్బై ఏళ్ళ మనిషి ఎవడో నీ ఫోన్ ముందు మీసం దువ్వుతూ, ఫలానావాడి అంగడి తగలబెట్టింది మేమే అంటాడు. ఆ ఫలానావాడి మనవడు, ఈయన మనవడు ఇప్పుడు ఒకే ఆటోలో కాలేజీకి పోతుంటారు. పేరు వచ్చిన క్షణాన రికార్డింగు ఆపెయ్. నీకది మంచి క్లిప్పు. ఆ ఊరికి మళ్ళీ కొట్లాట. ఈ విషయంలో నాతో వాదించకు, ఊళ్ళ సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసు.

ఎవరైనా ఏడిస్తే ఫోన్ పక్కన పెట్టు. ఏడుపును కోసి రీల్ చేశావని తెలిసిందా, నా గుమ్మం తొక్కొద్దు. తొక్కినా మీ పెద్దమ్మ అన్నం పెడుతుందనుకో, నేను మాత్రం మాట్లాడను.

కావలిలో దిగు. మొదటి వారం నేనూ వస్తా, నోరెత్తను, సంచీ మోస్తాను. మోకాళ్ళ గురించి మీ పెద్దమ్మ ఏదో చెప్తుంది, పట్టించుకోకు. నీ ప్రశ్నలు వాట్సాప్‌లో పంపకు, ఆ చిన్న అక్షరాలు నా కళ్ళకు ఆనవు, కాగితం మీద పెద్దగా రాసి తీసుకురా. ఇంకోటి, మీ నాన్న స్కూటీ ఇస్తానన్నాడట. హైవే మీద లారీల మధ్య స్కూటీ వద్దే వద్దు. బస్సులో పోదాం.

ఇట్లు,
మీ పెదనాన్న