సమాధానం: రాజ్యాంగ సభ చర్చల్లో దుర్గాబాయమ్మ పేరు

రాజ్యాంగ సభ సభ్యురాలు దుర్గాబాయమ్మ మీద వ్యాసం రాస్తూ, ఆ సభ చర్చల సంపుటాల్లో ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్’ అని వెతికితే ఏమీ రావడం లేదని మీరన్నారు. రాదండి. ఆ ఇంటిపేరు 1953లో సి.డి. దేశ్‌ముఖ్ గారితో పెళ్లయ్యాక వచ్చింది. అంతకుముందు ఆమె గుమ్మిడిదల వారి కోడలు. అందుకని ‘శ్రీమతి జి. దుర్గాబాయి’ అని వెతకండి.

ముందుగా 1949 మే 18 నాటి చర్చ తీయండి. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని ప్రతిపాదిస్తే, 30కి తగ్గించాలని సవరణ తెచ్చిందీమే. ఇప్పటికీ 30 ఏళ్లే అమల్లో ఉంది. ఇంత పెద్ద విషయం మన పాఠాల్లో కనిపించకపోవడం బాధగా ఉంటుంది.

మీ వ్యాసంలో ‘ముసాయిదా సంఘం సభ్యురాలు’ అన్న మాట తీసేయండి, రాజ్యాంగం చిత్తుప్రతి రాసిన ఆ సంఘంలో మహిళలెవరూ లేరు. కుటుంబ న్యాయస్థానాలు కావాలని ఆమె ముందే అడిగినా, చట్టం వచ్చింది 1984లో. ఆమె 1981లోనే కన్నుమూశారు.