పాడి మేకలు: మీరు అడిగినవి

ప్రశ్న: బీటల్ సంకర మేక ఈని మూడు వారాలైంది. ఒక్కటే పిల్ల. పొదుగు ఎడమవైపు గట్టిపడి, పితికితే పాలలో తెల్లటి తునకలు పడుతున్నాయి. మేత మాత్రం మామూలుగానే తింటోంది. ఏం చేయాలి?
– పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఇది పొదుగువాపు. ఒంటి పిల్ల తల్లుల్లో ఇలా మొదలవడం మామూలే. పిల్ల అలవాటైన చన్నునే పట్టుకుంటుంది, రెండోవైపు పాలు నిలిచిపోతాయి. కొట్టంలో మూత్రం, పెంట తడి ఉంటే క్రిములు చనుమొనలోంచి లోపలికి పాకుతాయి. మేత తింటోంది కాబట్టి పరిస్థితి ఇంకా చేయి దాటలేదు.

ముందు బాగున్న వైపు, తర్వాతే చెడిన వైపు పితకండి. తునకల పాలను నేల మీద పిండకండి, రెండో మేక పడుకునేది ఆ నేల మీదే. డబ్బాలో పట్టి, దూరంగా గుంటలో పోసి సున్నం చల్లండి. పగలు మూడు నాలుగు గంటలకోసారి ఆ వైపు ఖాళీ చేయాలి. పిల్లను ఆ చన్ను తాగనివ్వొద్దు.

మందు ఏదో పశువైద్యుడే నిర్ణయించాలి. చన్నులోకి ఎక్కించే ట్యూబులు ఎక్కువగా ఆవుల కోసం చేసినవి. మేక చను రంధ్రం సన్నం కాబట్టి ట్యూబు ముక్కు మొత్తం దూర్చకుండా కొస మాత్రమే పెట్టాలి. రెండు రోజులకే పాలు తెల్లబడ్డాయని మందు ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. మందు వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా రెండువైపుల పాలూ పారబోయాల్సిందే. పొదుగు చల్లబడి నీలంగా మారితే మాత్రం గంట కూడా ఆగొద్దు, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇకమీదట ప్రతి పూటా మొదటి రెండు ధారలు నల్లటి పళ్లెంలో పిండి చూడండి. తునక ఉంటే అక్కడే తెలిసిపోతుంది. పితికాక చనుమొనలను అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పాటు పచ్చిమేత వేసి నిలబెట్టండి. రంధ్రం మూసుకునేలోపు మేక పడుకోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

ప్రశ్న: మా మేకపాలు పోతు వాసన కొడుతున్నాయి. పిల్లలు గ్లాసు ముట్టడం లేదు.
– పాఠకుడు, నారాయణపేట

జవాబు: పోతును అదే కొట్టంలో కట్టేస్తున్నారేమో చూడండి. పోతు కొమ్ముల వెనక వాసన గ్రంథులుంటాయి. పైగా ఎద కాలంలో అది తన గడ్డం మీద, ముందుకాళ్ల మీద తానే మూత్రం పోసుకుంటుంది. దాన్ని ముట్టిన చేతులతో పితికితే ఇక చెప్పేదేముంది! పోతును గాలివాటుకు దిగువన వేరే కట్టేయండి. ప్లాస్టిక్ బకెట్టు మానేసి స్టీలు గిన్నె వాడండి. వడకట్టిన వెంటనే గిన్నెను చన్నీళ్లలో పెట్టండి, గిలకొట్టకండి. మేకకు వేపాకు మేపేదుంటే పితికాకే మేపండి.

ప్రశ్న: దాణాలో ఏమేం కలపాలి? ఇక్కడ ఆముదం చెక్క చవక, వాడొచ్చా?
– పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఆముదం చెక్క వద్దే వద్దు. అందులోని రిసిన్ విషం. పొలానికి ఎరువుగా వేసుకోండి, ఆ బస్తా మేకలకు అందేచోట పెట్టకండి. 10 కిలోల దాణాకు మక్క రవ్వ 4 కిలోలు, పల్లి చెక్క రెండున్నర, తవుడు 3 కిలోల 200 గ్రాములు, ఖనిజ మిశ్రమం 200, ఉప్పు 100 గ్రాములు కలపండి. రోజుకు మేకకు 200 గ్రాములు, దానికి తోడు ప్రతి లీటరు పాలకు 400 గ్రాములు ఇవ్వాలి. కొత్త దాణాను వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారే పెడితే కడుపు పులిసి మేక పడిపోతుంది. పల్లి చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. బూజు పట్టిందైతే ఆ విషం పాలలోకీ దిగుతుంది. పచ్చిమేతలో సుబాబుల్ మూడోవంతు దాటొద్దు.