పెళ్లి ఫొటోలు దాచడానికి మౌస్ చాలదా?

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్ల ఫొటోలు 4 టెరాబైట్ల దాకా ఉన్నాయి. కొత్త హార్డ్ డిస్కులోకి మౌస్‌తో లాగుతుంటే మధ్యలో కరెంటు పోతోంది, ఎంతవరకు ఎక్కిందో తెలియడం లేదు. కమాండ్లు నేర్చుకోక తప్పదా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కాపీకి తప్పదు, కానీ ఒక్క కమాండు చాలు. ఫొటోలు ఏరడం, ట్యాగులు పెట్టడం కంటితో చేసే పని; దానికి లైట్‌రూమ్, డిజీకామ్ లాంటి ఫొటో సాఫ్ట్‌వేర్లే నయం.

లాగేటప్పుడు కరెంటు పోతే, సగం రాసిన ఫైలు అక్కడే మిగలవచ్చు. మళ్లీ లాగి ‘ఉన్నవి వదిలేయి’ అని నొక్కితే అది అలాగే ఉండిపోతుంది. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండు సైజూ తేదీ పోల్చి, తేడా ఉన్నవాటినే తిరిగి రాస్తుంది. ఆగిపోతే అదే కమాండు మళ్లీ ఇవ్వండి. సెకనుకు 100 మెగాబైట్లు వెళ్లినా మీ 4 టెరాబైట్లకు 11 గంటలు పడుతుంది, కాబట్టి ఇది చాలా అవసరం.

కమాండ్ ప్రాంప్ట్ విండోలో రోబోకాపీ (robocopy) అని రాసి, పాత ఫోల్డరు దారి, కొత్త ఫోల్డరు దారి కొటేషన్లలో ఇవ్వండి. లోపలి ఫోల్డర్లన్నీ రావడానికి స్లాష్ ఇ (/E). ఆపైన స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (/R:2 /W:5); అంటే ఫైలు రాకపోతే 5 సెకన్లు ఆగి, రెండుసార్లే మళ్లీ ప్రయత్నించమని. ఈ రెండూ మరిచిపోతే, చదవలేని ఒక్క ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! పాత డిస్కులో బ్యాడ్ సెక్టారు (పాడైన చోటు) ఉంటే తెల్లారినా అక్కడే ఉంటుంది. స్లాష్ లాగ్ కోలన్ (/LOG:) అని ఒక ఫైలు పేరిస్తే, ఏవి రాలేదో అందులో చూసుకోవచ్చు.

స్లాష్ ఎంఐఆర్ (/MIR) జోలికి మాత్రం వెళ్లకండి. మొదటి ఫోల్డరులో లేనివాటిని రెండోదాంట్లోంచి చెరిపేస్తుంది. దారులు తారుమారయ్యాయో, కొత్త ఖాళీ డిస్కును చూసి మీ ఫొటోలన్నీ తుడిచేస్తుంది. రోబోకాపీ కమాండు ఏదైనా, మొదటిసారి దాని చివర స్లాష్ ఎల్ (/L) తగిలించి నడపండి. ఏం చేయబోతోందో జాబితా చూపిస్తుంది, ఏదీ కదపదు.

రోబోకాపీ రాసినదాన్ని తిరిగి చదివి సరిచూడదు. ఇక్కడ మళ్లీ మౌసే మేలు: ఫ్రీఫైల్‌సింక్ అనే ఫోల్డర్లు పోల్చే సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫోల్డర్లూ పెట్టి, ఫైళ్ల లోపలి సమాచారాన్ని పోల్చే పద్ధతి ఎంచుకోండి. తేడాలేమీ లేవని చూశాకే పాత డిస్కు ఖాళీ చేయండి. లైట్‌రూమ్ క్లాసిక్ వాడుతుంటే కేటలాగ్ ఫైలూ కాపీ చేయాలి, దిద్దుబాట్లు ఉండేది అందులోనే.

1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో రెండు డిస్కులూ ఒకే గదిలో ఉంచకూడదు. ఒకటి గోదావరి దాటించి, రాజమహేంద్రవరంలో బంధువుల ఇంట మేడ మీద పెట్టించండి, గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో.