స్పిరిట్‌లో తీసిన పాలకూర రసం ఎర్రగా వెలుగుతోంది, ఆకు ఎందుకు వెలగట్లేదు?

పర్లాకిమిడి దగ్గర బడిలో సైన్సు చెప్పే మాస్టారు అడిగినవి రెండు. పాలకూరను స్పిరిట్‌లో నూరి నీలి టార్చి వేస్తే రసం ఎర్రగా వెలిగింది, అదే టార్చి పచ్చి ఆకు మీద వేస్తే ఏమీ కనబడలేదు, ఎందుకు? రెండోసారి పాలకూర దొరక్క గోంగూర నూరితే రసం కాసేపట్లోనే గోధుమరంగుకి తిరిగింది, ఎందుకు?

మాస్టారూ, ముందు గోంగూర సంగతి. ఆకు కణంలో పులుపు ఒక సంచిలో, పత్రహరితం వేరే గదిలో ఉంటాయి. నూరగానే రెండూ కలుస్తాయి. పత్రహరితం నడిమధ్య ఉండే మెగ్నీషియాన్ని ఆమ్లం ఊడగొట్టి, ఆ చోట రెండు హైడ్రోజన్లు పెడుతుంది. అలా మారినదాన్ని ఫియోఫైటిన్ అంటారు. గోంగూర మగ్గేటప్పుడు పచ్చదనం పోయేదీ ఇందుకే. పాలకూర లేకపోతే తోటకూర తీసుకోండి, మీ సంతలో ఒడియాలో ఖడా సాగ్ అంటే ఇస్తారు. ఎర్ర తోటకూర మాత్రం వద్దు, దాని ఎరుపు కూడా రసంలోకి దిగి గందరగోళం చేస్తుంది.

ఈనెలు తీసిన ఆకు 5 గ్రాములు చాలు. కడిగాక తడి పూర్తిగా అద్దండి, నీళ్లుంటే రసం మసకబారుతుంది. కల్వంలో చిటికెడు వంటసోడాతో నూరుతూ 25 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్ కొంచెం కొంచెంగా పోయండి. సోడా బదులు సుద్దముక్క పొడి వేస్తుంటారు. బోర్డు మీద రాసే సుద్ద చాలావరకు జిప్సమే, అది పులుపును విరవదు. వడకట్టి, గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి ఉంచండి. దగ్గర్లో మంట ఉండకూడదు. చూసేటప్పుడు గొట్టం వెనక న్యూస్‌పేపర్ అక్షరాలు మసగ్గా కనబడేంత వరకు పలచన చేయండి. చిక్కగా ఉంటే వచ్చిన ఎరుపును రసమే తిరిగి మింగేస్తుంది. టార్చికి ఎదురుగా కాక పక్కనుంచి చూడాలి.

ఇక అసలు ప్రశ్న. వెలుగు తగిలిన పత్రహరితం అణువుకి ఆ శక్తిని వదిలించుకునే దారులు మూడు: ఎర్ర వెలుగు, వేడి, పని (అంటే కిరణజన్య సంయోగక్రియ). స్పిరిట్‌లో ఒంటరిగా తేలుతున్న అణువుకి పని అప్పజెప్పే చోటు లేదు. అందుకే పీల్చుకున్నదాంట్లో నాలుగో వంతో ఇంకాస్త ఎక్కువో ఎర్రగా బయటికొస్తుంది. ఆకులో అయితే నూటికి ఒకటి రెండు పాళ్లే.

ఆకులో అణువులు తేలవు. పత్రహరితం ఉండే గదిలోని థైలకాయిడ్ అనే పొరలో, ప్రోటీన్ల లోపల, ఇంత దూరం ఇంత వాలు అని లెక్కగా బిగించి ఉంటాయి. మీరు నూరిన పాలకూరలోని వెలుగు పట్టే ప్రోటీన్ రూపాన్నే 2004లో స్పష్టంగా చూశారు: ఒక్కోదాంట్లో 14 పత్రహరితాలు, 8 ఎ రకం, 6 బి రకం, అలాంటివి మూడేసి జట్టుగా. పక్కపక్క అణువుల మధ్య దూరం సుమారు ఒక నానోమీటరు. ఒంటరి అణువు శక్తిని 5 నానోసెకన్ల దాకా పట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం పికోసెకన్లలోనే (నానోసెకనులో వెయ్యో వంతు) పక్కదానికి అందించేస్తుంది. ఎర్రగా వెలిగే తీరిక ఉండదు.

ఆ శక్తి చేరేది రెండో కాంతివ్యవస్థ (ఫోటోసిస్టమ్ II, వెలుగుతో ఎలక్ట్రాన్లను కదిలించే ప్రోటీన్ల యంత్రం) కేంద్రానికి. అక్కడి పత్రహరితం ఒక ఎలక్ట్రాన్ వదులుతుంది. దాన్ని మొదట అందుకునేది ఎవరో పిల్లలకి తప్పక చెప్పండి: ఫియోఫైటినే! గోంగూర గిన్నెలో చెడిపోయిందనుకున్న ఆ అణువే, సరైన చోట కూర్చుంటే యంత్రంలో భాగం. పోయిన ఎలక్ట్రాన్‌ని నీళ్ల నుంచి తెచ్చి భర్తీ చేసేది నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ల చిన్న గుంపు. దాని ఆకారం వంకర కుర్చీలా ఉంటుందని 2011లో జపాన్ శాస్త్రజ్ఞులు 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) స్పష్టతతో చూపించారు.

ఈ ఎలక్ట్రాన్ దారి మూసుకుపోతే ఆకు కూడా వెలుగుతుంది. మొక్కజొన్నలో కలుపుకి కొట్టే అట్రాజిన్ చేసేది అదే. ఫియోఫైటిన్ తర్వాత రెండో మజిలీలో, ఎలక్ట్రాన్‌ని మోసుకెళ్లే క్వినోన్ అనే అణువు కూర్చోవాల్సిన గూట్లో అది దూరి ఎలక్ట్రాన్‌ని ఆపేస్తుంది. మొక్కజొన్న ఆ మందుని తన కణాల్లోని గ్లూటాథయోన్ అనే చిన్న అణువుకి కట్టిపడేసి తట్టుకుంటుంది, కలుపు తట్టుకోలేదు.

మందు జోలికి పోకుండానే ఇది చూపించొచ్చు. ఆకుని 15 నిమిషాలు కటిక చీకట్లో ఉంచి, చీకటి గదిలోనే నీలి టార్చి వేయండి. చీకట్లో ఉన్న యంత్రం ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ఇంకా సిద్ధంగా ఉండదు కాబట్టి మొదటి ఒకటి రెండు సెకన్లు ఆకు ముదురెరుపుగా వెలిగి, తర్వాత రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. కంటికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు పొరలు అడ్డం పెట్టుకోవాలి, ఒక్క పొరైతే టార్చి నీలమే కనబడుతుంది. రెండోసారి చూపాలంటే అదే ఆకుని మళ్లీ 15 నిమిషాలు చీకట్లో పెట్టాలి, లేదా అంతకుముందే నాలుగైదు ఆకులు చీకట్లో పెట్టి సిద్ధంగా ఉంచుకోండి.