పెద్దవారి పొరపాటును అందరి ముందు ఎత్తిచూపడం అమర్యాద అవుతుందా?

మీ సాహిత్య మెయిల్ బృందంలో ఒక పెద్దాయన వ్యాసంలోని సంవత్సరం తప్పని మీరు రాశారు. మీరు చెప్పిన సంవత్సరమే సరైనదని తేలినా నలుగురూ మీమీదే కోప్పడ్డారని, నిజం చెప్పినందుకు నిష్ఠురమెందుకని అడిగారు. మీరు అందరి ముందు చెప్పడం తప్పని నేననుకోను. పదిమంది చదివే చోట దొర్లిన పొరపాటును ఆ పదిమందికీ తెలిసేలా దిద్దడమే న్యాయం. అయితే మీరు ఉటంకించిన మీ జవాబులో రెండు వాక్యాలున్నాయి. మొదటిది సరైన సంవత్సరం చెబుతుంది, రెండోది "ఇంత చిన్న విషయం తెలియకుండా వ్యాసం ఎలా రాశారో" అంటుంది. అందరూ జవాబిచ్చింది ఆ రెండో వాక్యానికే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. తెలుగును ఇంగ్లీషు లిపిలో, ఆర్.టి.ఎస్. పద్ధతిలో టైపు చేసుకునే రోజుల్లో నేనూ అలాంటి బృందంలో ఉండేవాణ్ణి. ఒక పెద్దాయన ఒక ఉత్పలమాల పద్యం పంపారు. అందులో ఒక పాదం "క్షా"తో మొదలై, యతిస్థానమైన, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో పొత్తు కుదరవలసిన, పదో అక్షరం "సా" అయింది. అప్పటికి ఛందస్సు నేర్చుకుని ఆరు నెలలైనా కాని నేను, రాత్రి పదకొండు దాటాక, ఆయన పద్యమంతా కింద అలాగే ఉంచి, పైన "మూడో పాదంలో యతి తప్పింది, గమనించగలరు" అని ఒక్క వాక్యం రాసి అందరికీ పంపేశాను. ఎందుకు తప్పిందో రాయలేదు. రాయాలని కూర్చుని ఉంటే నియమం వెతికేవాణ్ణి, వెతికి ఉంటే ఆ ఉత్తరం పంపేవాణ్ణే కాదు.

మర్నాడు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది, బృందానికి కాదు, నాకొక్కడికే. సంయుక్తాక్షరంలోని ఏ హల్లుతోనైనా యతి చెల్లుతుందని, "క్ష"లో కకారంతో పాటు షకారం ఉందని, షకార సకారాలకు మైత్రి ఉంది కాబట్టి ఆ పాదం నిలుస్తుందని తాను భావించానని రాసి, "దీనికి బాధకం మీ దృష్టికి వచ్చి ఉంటే తెలుపగలరు, దిద్దుకుంటాను" అని ముగించారు. తప్పు నాదని ఆయనకు స్పష్టంగా తెలుసు. అయినా ఆ సంగతి బృందంలో చెప్పే అవకాశాన్ని నాకే వదిలిపెట్టారు. ఆ సాయంత్రమే నేను అందరికీ రాసి, నియమం వివరించి, క్షమించమని అడిగాను. వివాదం అక్కడితో ఆగింది.

మెయిల్ చర్చల మర్యాదల గురించి ఆర్.ఎఫ్.సి. 1855 అనే ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం 1995 అక్టోబరులోనే వచ్చింది. ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ దాన్ని రూపొందించారు. ఆవేశంతో రాసిన జవాబును ఒక రాత్రి ఆపి పంపమని, అవతలివారి ఉత్తరంలో అవసరమైనంత మేరకే ఉటంకించమని అందులో ఉంది. నేను రెండూ పాటించలేదు. అన్నీ పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలతో రాస్తే అరిచినట్టు ఉంటుందనీ ఆ పత్రం హెచ్చరిస్తుంది కానీ, మన ఆర్.టి.ఎస్.లో ట, ణ, ళ రావాలంటే పెద్దబడి అక్షరమే కొట్టాలి, ఇప్పటి తెలుగు లిపిలోనైతే ఆ తేడాయే లేదు. కనుక తెలుగులో కోపం వేరే దారిన బయటపడుతుంది. నిన్నటి దాకా పేరు చివర ఉన్న "గారు" హఠాత్తుగా మాయమవుతుంది, లేదా "మీరు" కాస్తా "తమరు" అవుతుంది, "తమవంటి పండితులకు నేను చెప్పగలవాణ్ణా" అనే వినయం దిగుతుంది. ఎదుట కూర్చుని మాట్లాడుకుంటే ముఖం చూసి సర్దుకుంటాం. ఉత్తరంలో ఆ ఒక్క మాటే మిగులుతుంది, చదివినప్పుడల్లా మళ్లీ గుచ్చుకుంటుంది. పైపై గౌరవవాచకాలతో చేసే ఎత్తిపొడుపు కంటే మొహమాటం లేని సూటి మాటే నాకు మర్యాదగా తోస్తుంది.

అందుకే ఏదైనా దిద్దబోయినప్పుడు, నేను కాదంటున్న వాక్యాన్ని మాత్రమే ఉటంకించి, దాని కిందే నా ఆధారాన్ని పుట సంఖ్యతో సహా పెడతాను. ఆధారం ఎదురుగా ఉంటే అవతలివారు దాన్ని ఒప్పుకోవచ్చు, లేదా మరో ఆధారం చూపి కాదనవచ్చు. "తప్పు" అని తీర్పు మాత్రమే చెబితే వారికి తలవంచడమో తగవు పడడమో తప్ప మార్గం ఉండదు. వయసులో పెద్దవారైతే తలవంచడం మరీ కష్టమవుతుంది. పద్యంలో ముద్రారాక్షసం వంటి చిన్న లోపాలకైతే అందరికీ రాయవలసిన పనే లేదు, ఆయనకొక్కరికే రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు మీరు ముందుగా ఆ పెద్దాయనకు నేరుగా ఒక ఉత్తరం రాయండి. సంవత్సరం విషయంలో వెనక్కి తగ్గవలసిన అవసరం లేదు, ఆ రెండో వాక్యానికి మాత్రం క్షమాపణ అడగండి. "నొప్పించి ఉంటే" అనకండి, "నొప్పించాను" అనండి. ఆ తరువాత బృందానికి రెండు మూడు వాక్యాల్లో ఆ మాటే చెప్పి, మీకు సంవత్సరం ఏ పుస్తకంలో దొరికిందో ఆ వివరం చేర్చండి. మిమ్మల్ని తిట్టిన నలుగురికీ విడివిడిగా సమాధానాలు రాయకండి.