మహాధమని కుడివైపు ఉందట, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. జడ్చర్లలో, బాదేపల్లి మార్కెట్ దగ్గర టైలరింగ్ చేస్తాను. ఆస్తమా అని ఏళ్లుగా ఇన్‌హేలర్ వాడుతున్నా పిల్లికూతలు పోలేదు. ఈమధ్య జొన్నరొట్టె తింటే ఛాతీ మధ్యలో పట్టేస్తోంది, నీళ్లు తాగితే గానీ దిగదు. సీటీ తీస్తే మహాధమని కుడివైపు తిరిగిందని, ఎడమ చేతి రక్తనాళం అన్నవాహిక వెనక నుంచి పోతోందని, దాని మొదట్లో ఉబ్బు ఉందని రాశారు. పుట్టుకతోనే ఉందట. ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదు? మా ఆయన ఆపరేషన్ అంటేనే వణికిపోతున్నారు. మా పిల్లలకూ వస్తుందా?
- ఒక సోదరి, జడ్చర్ల

జవాబు: కంగారు పడొద్దని మీ ఆయనకు చెప్పండమ్మా. అలాగని రిపోర్టు బీరువాలో పెట్టేయకండి.

కడుపులో బిడ్డకు మొదటి వారాల్లో గొంతు దగ్గర రెండు పక్కలా ధమని వంపులు ఏర్పడతాయి. మామూలుగా కుడివైపుది పోయి ఎడమది మిగిలి, గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన మహాధమని వంపు అవుతుంది. మీకు కుడిది మిగిలింది. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. ఎడమ చేతి నాళం వెనక నుంచి చుట్టి వస్తుంది. పుట్టాక మూసుకుపోయి పీచుతాడుగా మారే ఒక నాళం ఎడమ పక్క ఆ చేతి నాళం మొదలును ఊపిరితిత్తుల ధమనికి కట్టేస్తుంది. శ్వాసనాళం, అన్నవాహిక ఆ వలయం మధ్యలో పడతాయి. వలయం బిగువుగా ఉంటే పసితనంలోనే బయటపడుతుంది. వదులుగా ఉంటే నాళాలు గట్టిపడి, ఆ ఉబ్బు పెరిగాక నడివయసులో నొక్కడం మొదలుపెడుతుంది. ఈ ఉబ్బును కొమెరెల్ డైవర్టిక్యులమ్ అంటారు. 1936లో కొమెరెల్ అనే జర్మన్ డాక్టరు ఎక్స్‌రేలో చూసి దాన్ని వర్ణించాడు.

మార్కెట్ దుమ్ములో ఉండే మనిషి పిల్లికూతలంటే ఎవరైనా ముందు ఆస్తమా అనే అనుకుంటారు, తప్పు పట్టలేం. కానీ పెద్ద శ్వాసనాళం నొక్కుకుపోతే శబ్దం ఎక్కువగా మెడ దగ్గరే వినిపిస్తుంది, ఇన్‌హేలర్‌కు పెద్దగా లొంగదు. ఊపిరి ఎంత వేగంగా వదులుతున్నారో కొలిచే స్పైరోమెట్రీలో ఊదినప్పుడు వచ్చే గీత పైభాగం చదునుగా కోసేసినట్టు కనిపిస్తుంది. ఆ పరీక్ష చేయించుకున్నారా? రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు కాబట్టి ఇన్‌హేలర్ మీకు మీరే ఆపొద్దు.

ఇక ఆపరేషన్ సంగతి. ఏ ఇబ్బందీ లేనివాళ్లయితే అప్పుడప్పుడు స్కాన్ తీసి గమనిస్తాం. మీకు ముద్ద కూడా పట్టేస్తోంది కాబట్టి గుండె, ఛాతీ ఆపరేషన్లు చేసే కార్డియోథొరాసిక్ సర్జన్‌కు చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితమే కాదు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లుంది, శ్వాసనాళం ఎంత సన్నబడింది అని అడగండి. నన్నడిగితే నిర్ణయమంతా ఆ రెండు అంకెలు, మీ బాధల మీదే ఉంటుంది. అవసరమైతే ఆ పీచుతాడును కోసి వలయం విడదీస్తారు. ఉబ్బు పెద్దదైతే దాన్ని తీసేసి చేతి నాళాన్ని వేరే చోట కలుపుతారు. ఈ నొక్కుడును మందులు తీసేయలేవు.

పిల్లల విషయంలో పెద్దగా టెన్షన్ వద్దు. చాలామందిలో ఇది వంశంలో నడిచేది కాదు. కొందరిలో మాత్రం 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించడంతోనో, గుండె లోపాలతోనో కలిసి ఉంటుంది. అందుకే మీకు ఒకసారి ఎకో (గుండె స్కాన్) తీయించండి.

ఒకటి మరిచిపోకండి. ఎప్పుడు ఏ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వబోయినా, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయబోయినా, ఈ రిపోర్టు ముందే చూపించండి.