నదిని గీయడానికి కయాక్ ఎందుకు, పుట్టి ఉండగా

ఎవరో చిత్రకారుడు కయాక్‌లో, అంటే తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవలో, నది పొడవునా వెళ్లి, ఆ ప్రయాణం నుంచి వరుసగా బొమ్మలు వేశాడని చదివి, మన కృష్ణలో అలా చేయవచ్చా, చేస్తే బొమ్మలో తేడా వస్తుందా అని ఒకరు నన్ను అడిగారు.

వస్తుంది. ఒడ్డున నిలబడి వేసిన నది బొమ్మ ఏది చూసినా నాకిప్పుడు అబద్ధంలా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా ఉండి అలాంటి అబద్ధాలు వందల కొద్దీ వేసినవాణ్ణి, కాబట్టి ఈ మాట ధైర్యంగానే అంటాను.

పడవెక్కి బొమ్మలు వేయడం కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో దోబిన్యీ అనే చిత్రకారుడు 1857లోనే ఒక పడవను తన పనిగదిగా మార్చుకున్నాడు. తర్వాత మోనే అనే మరో చిత్రకారుడు కూడా అదే పని చేశాడు. వాళ్ల పడవలకు పైకప్పులు ఉండేవి. నాకు దొరికింది కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో ఒక పెద్దాయన చేపలు పట్టే పుట్టి. బుట్టలా గుండ్రటి వెదురు బద్దల అల్లిక, దాని మీద తారు పూసిన పట్టా, ఒకే ఒక తెడ్డు.

ఫిబ్రవరి నెలాఖరు. ఉదయం ఏడింటికి బయలుదేరాం. తెడ్డు వేస్తున్నంతసేపూ పుట్టి తిన్నగానే పోయింది. ఆయన తెడ్డు పక్కన పెట్టి వల లాగడం మొదలుపెట్టగానే గిర్రున కాకపోయినా నిదానంగా తిరగసాగింది. నేను ఒడ్డున ఉన్న గుడి గీస్తుంటే గుడి పక్కకు జరిగి నల్లమల కొండలు వచ్చాయి. కొండలు మొదలుపెడితే అవీ పోయాయి. చివరికి విసిగి, గుడి ఎదురుగా వచ్చినప్పుడల్లా నాలుగు గీతలు గీసి, అది మళ్లీ వచ్చేదాకా రంగు కలుపుకుంటూ కూర్చున్నాను. ఆ ఎండకు కలిపిన రంగు కాగితం మీదికి వెళ్లేలోపే పళ్లెంలో ఎండిపోయేది. కుంచె కడుక్కోవడానికి నీళ్లకు మాత్రం కొదవ లేదు.

గంట తర్వాత పెద్దాయన తొంగి చూశారు. "సారూ, ఇది మెట్ల మీద నిలబడి చూసినట్టుంది. ఇక్కడ కూర్చుంటే నీళ్లు అంత వెడల్పుగా కనబడతాయా?" అన్నారు.

చెయ్యి చాపి పెన్సిల్‌తో కొలిచాను. నేను నాలుగు వేళ్ల వెడల్పున గీసిన అవతలి సగం నది ఆ పెన్సిల్ మందం కూడా లేదు. కన్ను నీటికి మూడడుగుల ఎత్తులో ఉంటే దూరపు నీళ్లన్నీ ఒక గీతలోకి అణిగిపోతాయి. ఈ పాఠం నేను పిల్లలకు బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పాను. పుట్టిలో కూర్చుని కూడా చెయ్యి మాత్రం ఒడ్డు నుంచి చూసిందే గీసింది.

తప్పంతా నాదే అనను. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, అక్కడి నుంచి రోడ్డులా కిందికి జారే నీలం నది: బడిలో ప్రతి పిల్లవాడూ వేసేది ఇదే, పోటీల్లో బహుమతి వచ్చేదీ దీనికే. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలు కూడా అదే వేస్తారు. పెద్దవాళ్లు ఫోనులో ఫోటో చూసి వేస్తారు, అదీ డ్యాం గేట్లు ఎత్తినప్పటిదే. సోమశిల దగ్గరి నీళ్లు శ్రీశైలం జలాశయానివే, దాని నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు దిగాక ఆ హద్దు కొండ మీద గీత గీసినట్టు తెలుస్తుంది. పైన అడవి, కింద బోడి రాయి. అయినా అందరి బొమ్మల్లోనూ పచ్చదనం నీటి అంచు దాకా ఉంటుంది!

నాగార్జునకొండకు వెళ్లే లాంచీలోనూ ప్రయత్నించాను. ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ, పైగా జనం. దానికన్నా ఒడ్డే నయం.

కయాక్ ఏది కొనాలని మాత్రం నన్ను అడగకండి. రెండు చేతులూ తెడ్డుకే సరిపోతే కుంచె దేనితో పట్టుకుంటారు? వరద రోజుల్లో నదిలోకి దిగవద్దు. నడిపేవారికి ఆ నీళ్లు తెలిసి ఉండాలి, మీ ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. నేను వేసుకోలేదు, ఇంట్లో తిట్లు తిన్నాను.

దిగేటప్పుడు పెద్దాయన బొమ్మను మళ్లీ చూసి, "అన్నీ ఉన్నాయి గానీ నా పుట్టి ఏదీ?" అన్నారు. అందులో కూర్చుని దాన్నెలా గీస్తానని నవ్వాను. ఇంటికి వెళ్లాక కాగితం అడుగున పుట్టి అంచును నల్లటి వంపుగా వేశాను. మా ఇంటికి వచ్చినవాళ్లు ఆగి చూసేది ఆ ఒక్క బొమ్మనే.